వెనకసీటు కాపురం

మా ఆయన్ని తోటి డ్రైవర్లందరూ రేడియో అంటారు. అసలు పేరుతో పిలిచేవాడు ఒక్కడూ లేడు. రేడియో వచ్చాడా, రేడియో బండి కడిగాడా, రేడియోకి గెస్టులు దొరికారా, ఇవే మాటలు. స్టీరింగు చేతికొస్తే చాలు, ఆయన నోరు మూతపడదట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేనెప్పుడూ వినలేదు కాబట్టి. మా ఇంట్లో ఆ రేడియోకి కరెంటు లేదు.

ఆయన పని ప్రైవేటు టూర్లు తిప్పడం. బస్సుల్లో గుంపుగా వెళ్ళే రకం కాదు. ఒక జంటో, ఒక కుటుంబమో, వాళ్ళకో కారు, ఆ కారుకి ఈయన. ముందు టీ తోటల కొండలెక్కిస్తాడు. అక్కణ్ణించి జంతువులుండే అడవికి. చివరికి కొండలు దిగి కాలవలూ సరస్సూ కలిసిపోయే చోటికి తీసుకెళ్ళి బోటెక్కిస్తాడు. అన్నీ చూపించి స్టేషన్లో దింపి ఇంటికొస్తాడు. వచ్చి, స్నానం చేసి, ఉన్నదేదో తిని, ఒళ్ళు తెలీకుండా పడుకుని, లేచి, ఇంకో జట్టుని ఎక్కించుకోడానికి పోతాడు. పెళ్ళయినప్పట్నించీ ఇదే వరస. మా పిల్ల చిన్నప్పుడు నాన్న అంటే మంచం మీద పడుకునే మనిషి అనుకునేది. బొమ్మ గియ్యమంటే మంచం గీసి, దుప్పటి గీసి, ఇదిగో నాన్న అంది.

ఇంట్లో ఆయన మాటలన్నీ కలిపితే ఓ అరచేతిలో పడతాయి. గ్యాస్ అయిపోయిందంటే, ఊఁ. మీ చెల్లెలు ఫోన్ చేసిందంటే, ఊఁ. పిల్ల స్కూల్లో పిలుస్తున్నారంటే, చూద్దాం. ఓసారి ఒళ్ళు మండి, నేను ఇల్లొదిలి పోతున్నానండీ అన్నాను. అలాగే, అన్నాడు. అని, అటు తిరిగి పడుకున్నాడు.

సరే, మనిషి తత్వమే అంత అని ఊరుకుందామా అంటే, ఆ గెస్టులు ఊరుకోనివ్వరు. దిగిపోయిన ఎన్నాళ్ళకో కూడా ఫోన్లు చేస్తారు. ఆయన నిద్రలో ఉంటే నేనే ఎత్తాలి. ‘మీరెంత అదృష్టవంతులండీ, ఆయనతో ఉంటే రోజంతా నవ్వే కదా,’ అంటుంది ఒకావిడ. ‘మా అత్తగారికీ నాకూ మాటల్లేవండీ, మీవారు దారిపొడుగునా కబుర్లు చెప్పి చెప్పి మా ఇద్దర్నీ కలిపేశారు,’ అంటుంది ఇంకొకావిడ. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, నోరు తెరుచుకుని పడుకున్న ఆ మహానుభావుణ్ణి చూస్తూ, అవునండీ, ఆయనంతే అనేదాన్ని. ఏమనాలి మరి? మాటలన్నీ ఊళ్ళోవాళ్ళకి, గురక నాకు.

నాకు ఆ మనిషి కావాలి. ఇంట్లో పడుకునే మనిషి కాదు, ఆ కార్లో కూర్చునే మనిషి. సిగ్గు విడిచి చెప్తున్నాను, నా మొగుడి మీద నాకే బెంగ. ఎక్కడో నా పక్కన లేని చోట ఆయన నవ్వుతూ, నవ్విస్తూ తిరుగుతున్నాడు, నేను తప్ప అందరూ చూశారు. ఒక్కసారి ఆ టూరుకి వెళ్ళాలి, ఆయన్ని చూడాలి. కొండలు చూడాలన్న యావ నాకు లేదు. కొండలెక్కడికి పోతాయి.

నేను హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. పెద్ద రోలరు మిషనుంటుంది, ఒక పక్కనుంచి దుప్పటి పెడితే రెండో పక్క వేడిగా బయటికొస్తుంది, అంచులు కలిపి మడతెయ్యాలి. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనసు ఎక్కడికైనా పోవచ్చు. నాది ఆ కారు వెనకాల పోయేది. ఎన్నిసార్లు అడిగానో. ‘గెస్టుల బండిలో ఇంటివాళ్ళని ఎక్కించకూడదు, ఓనరు ఒప్పుకోడు,’ అనేవాడు. నిజమే, అది వాళ్ళ రూలు. ‘మరి మనం గెస్టులం ఎప్పుడవుతాం?’ అంటే, ఊఁ.

అయ్యాం చివరికి. ఓ పొద్దున ట్రావెల్స్ ఓనరు ఫోన్ చేశాడు. కొత్తగా పెళ్ళయిన జంట కోసం రూములూ, అడవి జీపూ, బోటూ అన్నీ తీసి ఉంచారట. వాళ్ళేమో బయల్దేరే ముందు ఏదో మాటా మాటా అనుకుని, చెరో పుట్టింటికీ పోయి కూర్చున్నారట. ‘రూములు వెనక్కి తీసుకోరంట. మా ఆవిడకేమో కొండెక్కితే కడుపులో తిప్పుతుంది. నువ్వు మీ ఆవిణ్ణి తీసుకుపోరాదూ,’ అన్నాడు. మా ఆయన నోట్లో బ్రష్షుతో, ‘ఎందుకులెండి సార్’ అని మొదలుపెట్టాడు. ఆ ‘సార్’ పూర్తయ్యేలోపు ఫోన్ నా చేతిలో ఉంది. ‘అలాగే అన్నగారూ, బయల్దేరతాం,’ అన్నాను. ఆ జంట ఎవరో, ఎందుకు పోట్లాడుకున్నారో నాకు తెలీదు. వాళ్ళు మళ్ళీ కలిసి నూరేళ్ళు చల్లగా ఉండాలి, కానీ మేం తిరిగొచ్చాకే కలవాలి.

పిల్లని మా ఆడపడుచు ఇంట్లో దింపి, ఉన్న చీరల్లో మంచివి సర్దుకుని, ముందు సీట్లో ఆయన పక్కన దర్జాగా కూర్చున్నాను. ఆయన అద్దం తుడిచాడు, సీటు బెల్టు పెట్టుకోమన్నాడు, బండి తీశాడు. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఊరు దాటాం. పొలాలు దాటాం. చెక్‌పోస్టు దాటాం. రేడియో పలకదే.

కొండ మొదలైంది. మలుపు తర్వాత మలుపు. రోడ్డుకి రెండు పక్కలా టీ తోటలు కిందనుంచి పైదాకా దువ్వినట్టున్నాయి. ‘ఎంత బావుందండీ,’ అన్నాను. ‘ఊఁ.’ ‘ఆ పైన ఉన్న తెల్ల ఇల్లు ఎవరిది?’ ‘ఎవరిదో.’ నాకు అక్కడే దిగిపోదామనిపించింది. దీనికా నేను లాండ్రీలో బతిమాలి సెలవు పెట్టింది? ఆ ఊఁలు ఇంట్లో కూర్చుని కూడా వినేదాన్ని కదా.

అయితే ఒకటి గమనించాను. ప్రతి మలుపు దగ్గరా ఆయన కళ్ళు పైకి పోతున్నాయి, నెత్తి మీదున్న అద్దంలోకి. పెదాలు కదులుతున్నాయి. అద్దంలో ఖాళీ సీటు కనిపిస్తుంది, పెదాలు మూసుకుంటాయి. మళ్ళీ మలుపు, మళ్ళీ అద్దం, మళ్ళీ అంతే. ఇన్నేళ్ళుగా ఆయన మాట్లాడింది ఆ అద్దంతో. పక్కకి తిరిగి మాట్లాడటం ఆయనకి అలవాటే లేదు, పక్క సీట్లో కూర్చునేవాళ్ళెవరూ ఉండరు మరి. రోడ్డు మీదనించి కళ్ళు తియ్యకుండా మాట్లాడాలంటే అద్దమే దారి.

టీ తాగడానికి ఓ కొట్టు దగ్గర ఆగాం. తాగి వచ్చి, నేను వెనక తలుపు తీసి వెనక సీట్లో కూర్చున్నాను. ‘అదేంటి, అక్కడ?’ అన్నాడు. ‘నడుం నొప్పి, చాపుకుంటాను,’ అన్నాను. అబద్ధం చక్కగా వచ్చింది. బండి కదిలింది. ఒక మలుపు. అద్దంలో ఆయన కళ్ళూ నా కళ్ళూ కలిశాయి. రెండో మలుపు. గొంతు సవరించుకున్నాడు.

‘అదుగో, పైన తెల్ల ఇల్లు కనిపిస్తోందే, అది వెనకటికి ఓ తోట మేనేజరుది,’ అన్నాడు. ‘పెళ్ళామంటే హడలు. ఆవిడ కింద ఊరినించి వస్తుంటే ముందే కనిపించాలని అంత ఎత్తున కట్టించుకున్నాడు. ఆవిడ తక్కువది కాదు, కొండ వెనకనించి దారి వేయించింది.’

ఇక చూడండి. తేయాకు చెట్టుని కోయకుండా వదిలేస్తే మేడంత ఎత్తు పెరుగుతుందట, కోసి కోసి నడుం దగ్గరే ఆపుతారట, పాపం దానికి తను చెట్టని తెలీనే తెలీదట. ఎదురుగా ఉన్న కొండ పేరు బద్ధకం కొండట, పొద్దెక్కినా మబ్బు దుప్పటి తియ్యదట. ఓ గెస్టు కోతికి బిస్కెట్ ఇవ్వబోయి కళ్ళజోడు ఇచ్చుకున్నాడట, ఆ కోతి కళ్ళజోడు పెట్టుకుని వాణ్ణి చూసి భయపడి పారిపోయిందట. ఎంత నిజమో, ఎంత కోతో నాకు తెలీదు. నేను పడి పడి నవ్వాను. గొంతు కూడా వేరే, ఇంట్లో వినే గొంతు కాదు. కిటికీలోంచి చల్లగాలి, ముందు సీట్లోంచి ఆ గొంతు. ఇన్నాళ్ళూ ఫోన్లో ఆడవాళ్ళు చెప్పిన మనిషి అచ్చంగా ఈయనే.

అంతలో అన్నాడు, అద్దంలోకి చూస్తూ, ‘మా ఆవిడ దుప్పట్లు ఇస్త్రీ చేస్తుందండీ. ఆవిడ మడతేస్తే అంచు మీద అంచు ఎలా కూర్చుంటుందనుకున్నారు. ఓసారి కొండ కింద హోటల్లో గెస్టుల సామాను పెట్టడానికెళ్ళి, గుమ్మంలో తోపుడుబండి మీద దుప్పట్లు చూశాను. వంద దుప్పట్లలో మా ఆవిడ మడత గుర్తుపట్టాను. ఎవరూ చూడకుండా ఓసారి చేత్తో నిమిరి వచ్చాను.’

నా నవ్వు ఆగిపోయింది. ఇది ఆయన ప్రతి జట్టుకీ ఈ మలుపులోనే చెప్తాడని తెలిసిపోతోంది, మాటలు అంత నున్నగా పడ్డాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతి నాకు తెలీదు. ‘ఈ మాట మీ ఆవిడకెప్పుడైనా చెప్పారా?’ అని అడిగాను.

ఆయన అద్దంలో నన్ను చూశాడు. అప్పటికి గుర్తొచ్చింది, వెనక కూర్చున్నదెవరో. చెవులు ఎర్రబడ్డాయి. ‘ముందు లారీ ఉంది, ఉండు,’ అన్నాడు. ఆ లారీ పోయి చాలాసేపయినా రేడియో పలకలేదు.

సాయంత్రానికి హోటలు చేరాం. చుట్టూ తోటలు, మధ్యలో ఎర్ర పెంకుల కప్పు. ఆయన పోర్టికోలో బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగొచ్చి నా తలుపు తీశాడు. పట్టరాని సంతోషమేసింది, నాకెవరూ ఎప్పుడూ తలుపు తీయలేదు. హోటలు మనిషి చల్లటి రసం గ్లాసు అందించి, సామాను తీసుకుని నన్ను గదికి తీసుకెళ్ళాడు.

తలుపు తీసి చూద్దును కదా, మంచం నిండా పూలు. ఆ కొత్త జంట కోసం చేసిన అలంకారం అలాగే ఉంచేశారు. రెండు తువ్వాళ్ళని ముక్కూ ముక్కూ ఆనించిన పక్షుల్లా చుట్టి మధ్యలో పెట్టారు. నాకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. దుప్పటి మాత్రం మూల సరిగా లాగలేదు, ఊరుకోలేక సర్దాను. మొహం కడుక్కుని, చీర మార్చుకుని, బాల్కనీలో రెండు కుర్చీలుంటే ఒకదాంట్లో కూర్చున్నాను. తోటలో కోతకొచ్చినవాళ్ళు ఇళ్ళకి పోతున్నారు. మబ్బు కిందికి దిగుతోంది. రెండో కుర్చీ ఖాళీగానే ఉంది. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

ఎంతకీ రాకపోతే నేనే దిగాను. వంటిల్లు వెనక డ్రైవర్ల గది అని ఎవరో చూపించారు. పొడుగాటి గది, వరసగా ఇనప మంచాలు, మేకులకి చొక్కాలు. బయటికే నవ్వులు వినిపిస్తున్నాయి. లోపల మా ఆయన బనీనుతో ఓ మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో కంచం పెట్టుకుని ఏదో చెప్తున్నాడు. డ్రైవర్లు పొట్టలు పట్టుకుంటున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆడమనిషిని, మంచి చీరలో ఉన్నదాన్ని చూసేసరికి అందరూ గబుక్కున లేచారు. ఈయనా లేచాడు. చెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ, ‘ఏమైనా కావాలా మేడమ్?’ అన్నాడు.

ఎగతాళి కాదు. మనిషి నిజంగానే అన్నాడు. గెస్టుని పోర్టికోలో దింపాడు, కాళ్ళు అలవాటైన దారినే నడిచొచ్చేశాయి, ఆయన మంచమెక్కాడు. నేను గదిలో ఉన్నానన్న సంగతి తెలుసు, కానీ తనూ ఆ గదిలో ఉండాలన్నది ఆయన బుర్రకెక్కలేదు.

‘మొగుడు కావాలి,’ అన్నాను. ‘ఇక్కడెక్కడైనా పడి ఉన్నాడా?’

ఓ ముసలి డ్రైవరుకి వెలిగి, ‘ఒరే రేడియో, చచ్చావురా,’ అని పగలబడి నవ్వాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు. మా ఆయన కంచం చేత్తో పట్టుకుని నా వెనకాలే వచ్చాడు, దారంతా తల వంచుకుని. గది గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి తొంగి చూశాడు. ‘లోపల ఇలా ఉంటాయా,’ అన్నాడు. ఎన్ని వందల మందిని ఆ హోటలు గుమ్మం దాకా తెచ్చాడో, గది లోపల ఏముంటుందో అప్పుడే చూస్తున్నాడు. పూలని నలపకూడదన్నట్టు కుర్చీ అంచున కూర్చుని మిగిలిన అన్నం తినేశాడు. నేను స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. కోపం ఎప్పుడో పోయింది. ఒక్క మలుపులో దొరికినట్టే దొరికి మళ్ళీ చేజారిపోయాడే అని ఏడుపు.

మర్నాడూ వెనకే కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను. వెనక కూర్చుంటే కబుర్లు, పక్కన కూర్చుంటే ఊఁ. బండిలో ఉన్నంతసేపూ ఎండుటాకుల మీద వాన పడ్డట్టు మాటలే మాటలు. దిగాక, తిండి దగ్గరా, గదిలోనూ, నేను గోడతో కాపురం చేస్తున్నట్టే ఉంది. మాట్లాడే ఆయనకి నేను మేడమ్‌ని, పెళ్ళాన్నయితే ఆయన మాట్లాడడు. రెండూ ఒకచోట కావాలని నా పట్టు. ఆ పట్టుతోనే అడవికి చేరాం.

అడవిలోకి మన బండ్లు వెళ్ళనివ్వరు, వాళ్ళ జీపే ఎక్కాలి. గేటు దగ్గర ఆయన మామూలుగా చెట్టు కిందికి నడవబోయాడు, బండి పక్కన కునుకు తీయడానికి. చొక్కా పట్టుకుని లాక్కొచ్చి జీపెక్కించాను. జీపు డ్రైవరు పక్కన గైడు, వెనక మేమిద్దరం. గైడు నోటి మీద వేలు పెట్టి చూపించాడు, ఇక మాట్లాడకూడదని. మా ఆయనకేం, పండగే అనుకున్నాను.

ఇంకొకరు నడుపుతుంటే కూర్చోవడం ఆయనకి చేతకాలేదు. జీపు గుంతలో దిగినప్పుడల్లా కుడికాలు నేలని గట్టిగా తొక్కుతోంది, అక్కడ బ్రేకు లేదు. మలుపొస్తే చేతులు గాల్లో తిరుగుతున్నాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపు బిగిసి ఉంది. తర్వాత మెల్లగా వదులైంది. ఇంకాసేపటికి తల నా భుజం మీద వాలింది. నిద్రపోయాడు.

అప్పుడే వెదురు పొదల్లోంచి ఏనుగు బయటికొచ్చింది, దాని వెనక పిల్ల. జీపు ఆగింది. గైడు వెనక్కి తిరిగి ఆయన్ని లేపమని సైగ చేశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇన్నేళ్ళూ ఈ గేటు దాకా వచ్చి లోపల ఏనుగులున్నాయని చెప్పి పంపడమే గాని, ఆయన వాటిని చూడలేదని నాకు తెలుసు. అయినా లేపలేదు. ఏనుగు ఆకులు తెంపుకుని, పిల్లని ముందుకి తోసి, నెమ్మదిగా దాటిపోయింది. నేను భుజం కదపలేదు.

బయటికొచ్చాక, ‘ఏమైనా కనపడ్డాయా?’ అన్నాడు కళ్ళు నలుపుకుంటూ. ‘ఏనుగు, పిల్లా.’ ‘మరి లేపలేదేం?’ ‘బుద్ధి పుట్టలేదు,’ అన్నాను. ఆయన ఇంకేం అనలేదు గాని, బండి దగ్గరికి నడుస్తూ నన్ను రెండుసార్లు తిరిగి చూశాడు.

మిగిలింది బోటు ఒక్కటే. కొండలు దిగి నీళ్ళ ఒడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ కూడా ఆయనకో అలవాటుంది. గెస్టుల్ని బోటెక్కించి, తను ఒడ్డునే బండిలో సీటు వాల్చుకుని, మర్నాడు పొద్దున వాళ్ళు తిరిగొచ్చేదాకా పడి ఉంటాడు. నా సంచి నాకిచ్చి, ‘బోటెక్కే పలక మీద జారుతుంది, అడుగు చూసుకో,’ అని వెనక్కి జరిగాడు. నేను పలక మీద నిలబడి ఆయన్నే చూశాను. ‘ఆఁ, నేనూ కదా,’ అన్నాడు.

బోటంటే నీళ్ళ మీద చిన్న ఇల్లే. ఓ పడకగది, వెనక వంట, ముందు వరండాలో రెండు పేము కుర్చీలు. బోటు నడిపే ఆయన ఈయన్ని చూసి, ‘రేడియో అన్నా, ఎన్నాళ్ళకెక్కావయ్యా,’ అన్నాడు. ఈయన నవ్వి ఊరుకున్నాడు. బోటు కదిలింది. రెండు పక్కలా ఒడ్డున ఇళ్ళు, మెట్ల మీద గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు, నీళ్ళలోకి వంగిన చెట్లు. చూడటానికెంత బావుందో అంత కష్టంగా ఉంది నాకు. ఇక్కడ అద్దం లేదు, వెనక సీటు లేదు. ఇక్కడా పలక్కపోతే రేపు ఇంటికే. మళ్ళీ ఆయన మంచం, ఆయన దుప్పటి.

ఓపిక పట్టాను. సరస్సు మధ్యకొచ్చి బోటాయన ఇంజను ఆపాడు. అంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడిక నా వల్ల కాలేదు.

‘ఏవండీ, ఊళ్ళోవాళ్ళందరితో అంత మాట్లాడతారు. నాతో ఎందుకు మాట్లాడరు? నేనేం పాపం చేశాను?’ అన్నాను. ‘మీరు ఇంటికొచ్చినా నాకు మీ మీద బెంగే. ఎదురుగా ఉంటే ఇంకా ఎక్కువ.’

ఆయన నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. ఊఁ అంటాడేమో, అంటే నీళ్ళలోకి తోసేద్దామనుకున్నాను. అనలేదు.

‘బండెక్కినవాళ్ళకి ఏం తెలీదు. ఏ మలుపులో ఏముందో నాకే తెలుసు. అందుకని చెప్తాను,’ అన్నాడు. ‘ఇంటికొస్తే నాకేం తెలుసు? నేనొచ్చేసరికి అన్నీ జరిగిపోయి ఉంటాయి. పిల్లకి జ్వరం వచ్చి తగ్గిపోయి ఉంటుంది. కప్పు కారి, బాగుచేయించేసి ఉంటావు. నువ్వూ పిల్లా ఏదో అనుకుని నవ్వుతారు, అదేంటో నాకు తెలీదు. అడిగితే, ఇది కూడా తెలీదా అంటారేమోనని అడగను. మనింట్లో దారి తెలీనివాణ్ణి నేనే. తెలీనివాడు ఏం మాట్లాడతాడు?’

ఇంత పొడుగు మాట ఆయన నా మొహంలోకి చూస్తూ అనడం అదే మొదలు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ‘అడగండి,’ అన్నాను. ‘ఏదైనా అడగండి. చెప్తాను.’

పిల్ల ఎప్పుడు ఈత నేర్చుకుందని అడిగాడు. చెప్పాను. మీ ఇద్దరూ ఏం చూసి నవ్వుకుంటారని అడిగాడు. పిల్ల అచ్చం మీలాగే గురక పెట్టి చూపిస్తుందని చెప్పాను, నవ్వాడు. పేము కుర్చీ చేతి మీద గోటితో గీకుతున్నాడు.

‘అమ్మ పోయిన రోజు,’ అన్నాడు. ‘ఏమైంది?’

మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఈయన కొండ మీదున్నాడు, బండి నిండా గెస్టులు. వాళ్ళని ఇంకో బండిలోకి మార్చి, కొండ దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆవిడ చివరి మాటలేంటని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆ సంగతికి ఇద్దరం కలిసే తలుపు మూసేశాం.

‘పొద్దుట్నించీ మిమ్మల్నే అడిగింది,’ అన్నాను. ‘వీధిలో ఏ బండి చప్పుడైనా, వాడేనా, వాడేనా అని. కాదత్తయ్యా, కాదత్తయ్యా అని చెప్పీ చెప్పీ నాకు నోరు రాలేదు. ఆఖర్న ఏదో బండి మన గుమ్మం ముందునించి పోయింది. వాడేనా అంది. అవునత్తయ్యా, వచ్చేశాడు, బండి పెడుతున్నాడు అన్నాను. అలాగా, అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.’

ఆయన గోరు ఆగిపోయింది. ‘నమ్మిందా?’ అన్నాడు.

‘నమ్మింది. నవ్వుమొహంతోనే పోయింది. ఆవిడకి నేను చెప్పింది ఒక్కసారే. నాకు నేను ఇన్నేళ్ళుగా రోజూ అదే చెప్పుకుంటున్నాను, వచ్చేశాడు, బండి పెడుతున్నాడు అని. నాకే నమ్మకం కుదరడం లేదు.’

ఆయన లేచాడు. కుర్చీ ఎత్తి తెచ్చి, నా కుర్చీకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు, తుడుచుకోలేదు.

‘పెట్టేసి వచ్చాను,’ అన్నాడు.

రేపు పొద్దున మళ్ళీ బండి తీయాలి. ఇంకో జట్టుకి ఓనరు ఈయన్నే పంపిస్తానని ఒప్పేసుకున్నాడని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. తర్వాత ఏం జరిగిందో చెప్పమన్నాడు, ఆవిడకి స్నానం ఎవరు చేయించారో, పిల్ల ఎక్కడ పడుకుందో, నేనేం తిన్నానో. చెప్తూ పోయాను. పొద్దు వాలిపోయింది. బోటాయన దీపం పెట్టి, అన్నం వడ్డించెయ్యమంటారా అని వెనకనించి కేకేశాడు.

‘కాసేపాగవయ్యా,’ అన్నాడు మా ఆయన నా మీదనించి చూపు తిప్పకుండా. ‘మా ఆవిడ మాట్లాడుతోంది.’